తిప్పేస్వామి పోయాక వచ్చిన వెర్షన్లు

మా చీరాల నుంచి అనంతపురం వైపు రైలెక్కేవాళ్లకు సాధారణంగా రెండే పనులుంటాయి. పుట్టపర్తి, లేకపోతే ధర్మవరం పట్టు. నేను ఈ రెండూ కాని మూడో పని మీద వెళ్లి, నాలుగు రోజులు తిరిగి ఇల్లు చేరాను. ఎందుకెళ్లావని వీధిలో అడిగినవాళ్లకు తలో ముక్క చెప్పి తప్పించుకున్నాను. మొత్తం చెప్పాలంటే కూర్చుని రాయక తప్పదు. ఇందులో నాకు గౌరవం తెచ్చే సంగతులు తక్కువే.

నేను చీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీస్తాను. మా వీధిలో ఆరు మగ్గాలకు చిల్లుల అట్టలతో పువ్వు తీసే పాత జకార్డు తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టెలు బిగించాం. నేను కంప్యూటర్లో గీసిన పువ్వును ఆ పెట్టెకు అర్థమయ్యే ఫైలుగా మార్చడానికి ఒక చిన్న ప్రోగ్రాం కావాలి. కంపెనీలు అమ్మేది కొనే స్తోమత మాకు లేదు. అందుకే లినక్స్ మీద నడిచే ఉచిత ప్రోగ్రాం వాడతాం. దాన్ని రాసింది ఎక్కడో విదేశాల్లో ఉన్నవాళ్లు. మా కంప్యూటర్ల దాకా తెచ్చేది మాత్రం లినక్స్ వాడేవాళ్ల ఉమ్మడి భాండాగారం.

అది ఏ కంపెనీదీ కాదు. వాడేవాళ్లే జీతం లేకుండా నడుపుకుంటారు. ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో ప్యాకేజీ, ప్రతి ప్యాకేజీకి ఒక సంరక్షకుడు. అసలు ప్రోగ్రాం ఎక్కడ దొరుకుతుంది, ఎలా కూర్చాలి, దారిలో ఎవరూ కల్తీ చేయలేదని ఎలా సరిచూసుకోవాలి అని వరుసగా రాసిన పత్రం అందులో ఉంటుంది. మనం ఒక్క ఆజ్ఞ ఇస్తే మన కంప్యూటరు ఆ పత్రం చదువుకుని మిగతా పనంతా చేసేస్తుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ పత్రం మార్చి పెట్టడం సంరక్షకుడి బాధ్యత.

మా ప్యాకేజీ సంరక్షకుడి పేరు ‘బుడ్డలు’. మా వైపు బుడ్డి అంటే కిరసనాయిలు దీపం కాబట్టి, ఎవరో సరదాగా పెట్టుకున్న పేరనుకున్నాను. తొమ్మిది నెలలుగా ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నా కంప్యూటర్లో మిగతావన్నీ కొత్తవయ్యేసరికి ఈ పాత ప్రోగ్రాం తెరుచుకోవడం మానేసింది. మగ్గాలు ఆగిపోయాయి. పేరు తెలుగులా ఉంది కదాని, ఆ ప్యాకేజీ పేజీలో మారుపేరుతో తెలుగులోనే రాశాను: “చేతకాకపోతే వదిలేయండి. మీ ఒక్కరి బద్ధకం వల్ల మా మగ్గాలు ఆగిపోయాయి.”

కొన్నాళ్లకు ఒక కొత్త మనిషి ఆ పేజీలోకి వచ్చి, ప్యాకేజీ నాకిచ్చేయండి, నేను చూసుకుంటానని మర్యాదగా ఇంగ్లీషులో రాశాడు. తాను మార్చిన పత్రాన్నీ అక్కడే పెట్టాడు. నేను దాన్ని దించుకున్నాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఆయనకే ఇవ్వమని నేనూ రాశాను. భాండాగారాన్ని కనిపెట్టుకుని ఉండే స్వచ్ఛంద పెద్దలు, ఆదివారం లోగా బుడ్డలు ఏ సంగతీ చెప్పకపోతే కొత్త మనిషికి ఇస్తామన్నారు.

అక్కడితో నా పని అయిపోవాలి. కానీ నేను రాసిన మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఎన్నేళ్లో ఆయన పెట్టిన కూడు తిన్నట్టే కదా, ఒక్క మాట అడిగి తీసుకుంటే పోయేదేముంది అనిపించింది. మెయిల్ రాస్తే జవాబు లేదు. పాత పత్రం మొదటి వరసలో మాత్రం, ‘కొత్తచెరువు అంజినప్ప సారుకు దండాలు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆ ఒక్క వరస పట్టుకుని బుధవారం రైలెక్కాను.

కొత్తచెరువు

తెల్లవారి పుట్టపర్తి స్టేషన్లో దిగేసరికి దిగినవాళ్లలో సగం మంది తెల్ల బట్టల్లో ఉన్నారు. ఆటో అతను నా సంచీ అందుకుంటూనే పుట్టపర్తి వైపు తిప్పాడు. కొత్తచెరువన్నాను. “కొత్తచెరువులో ఏముండాదక్కా?” అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

బస్టాండు పక్కన బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. నానబెట్టి పిండిన బొరుగులు తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ముప్పై రూపాయలు తీసుకున్నారు. మాకు బొరుగులంటే సాయంత్రం పూట కాలక్షేపం. ఇక్కడ పొద్దున్నే కడుపు నిండే టిఫిను. బజ్జీ కొరికాక కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంటూరు పక్కవాళ్లం, కారానికి మేమే పెద్దలమనుకునేదాన్ని.

బండి ఆమె నీళ్ల చెంబు అందిస్తూ, “యాడి నుంచి వచ్చినావు?” అంది. చెప్పి, అంజినప్ప సారు ఇల్లడిగాను.

“లెక్కల సారా? ఆయప్ప రిటైరయి పదేండ్లయ్యింది. ట్యూషన్ కోసమైతే చెప్పడు.”

ట్యూషన్ కాదన్నాక దారి చూపించింది. సారు వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. విషయం చెప్పగానే ఆయన మొహం విప్పారింది.

“మగ్గం ప్యాకేజీనా! మా తిప్పేస్వామి కట్టినాడమ్మా అది. నా శిష్యుడు. బెంగుళూరులో ఎలక్ట్రీషియన్‌గా చేసి, మల్ల కణేకల్ పోయి టీవీలు, కంప్యూటర్లు రిపేరు చేసుకునేవాడు. ధర్మవరంలో ఒగ స్నేహితుడు పాత ఎలక్ట్రానిక్ పెట్టె కొని, నడిపేది తెలీక ఏడుస్తాంటే, వాని కోసం మొదలుపెట్టినాడు. మొదటిసారి నా కంప్యూటర్లోనే పెట్టి చూసినాం.”

“బుడ్డలంటే ఆయనేనా సార్?”

“వాడే. బుడ్డలంటే తెల్దా? మీరు వేరుశెనక్కాయలంటారే, అవి. జేబు నిండా పోసుకుని తింటా ఉండేవాడు.”

“ఒకసారి కలవాలి సార్. ఫోన్ నంబరు ఉంటే ఇప్పించండి.”

సారు చేతిలో గింజ కింద పెట్టారు.

“అంత దూరం నుంచి వచ్చినావే తల్లీ. వాడు పోయి ఆరేండ్లాయె కదా.”

“పోయి అంటే...”

“చనిపోయినాడమ్మా. ఇంటి ముందర నిలబడి మాట్లాడతా మాట్లాడతా పడిపోయినాడు. గుండె.”

ఫోన్ తీసి ప్యాకేజీ పేజీ చూపించాను. మార్పుల జాబితా అక్కడ తేదీలతో సహా ఉంటుంది. ఆరేళ్లలో పదిహేడు సార్లు కొత్త వెర్షన్ వచ్చింది. చివరిది తొమ్మిది నెలల కిందట. అన్నిటి పక్కనా ఒకటే పేరు, బుడ్డలు. సారు కళ్లజోడు తెచ్చుకుని ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూశారు.

“ఇదెట్లయితాది? ఎవురో వాని పేరు దొంగిలించి ఉండాల.”

“ఇంట్లో ఎవరైనా...”

“భార్య మారెక్క ఒక్కతే ఉండాది. ఎనిమిదో తరగతి సదివింది. రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోసుకుంటాంది. ఆమెకు ఇవన్నీ యాడ తెలుస్తాయి?”

చనిపోయిన మనిషి తాళంచెవి ఎవరో ఆరేళ్లుగా తిప్పుతున్నారు. అది తిప్పినప్పుడల్లా మా మగ్గాలు కదిలాయి.

కణేకల్ దారి

సారు చెప్పిన గుర్తులు పట్టుకుని, అనంతపురంలో ఒక రాత్రి ఆగి, శుక్రవారం పొద్దున్నే రాయదుర్గం బస్సు ఎక్కాను. మా వైపు బస్సు కిటికీలోంచి చూస్తే ఎక్కడో ఒకచోట నీళ్లు కనిపిస్తాయి. ఇక్కడ గంటసేపు చూసినా ఎర్ర గరుసు నేల, గుండ్లు పేర్చినట్టున్న కొండలు, మోకాలెత్తు కూడా ఎదగని వేరుశనగ. కొండల మీద మాత్రం తెల్లటి గాలిమరలు వరసగా తిరుగుతున్నాయి. కింద చేలో నీళ్ల బోరు కనపడదు, పైన కరెంటు పండుతోంది. నా పక్కన కూర్చున్న గొర్రెల కాపరి పెద్దాయన్ని, వాన ఎప్పుడు పడిందని అడిగాను.

“మా ఊర్లో పడ్ల్యా. పక్క ఊర్లో పడిందంట,” అన్నాడు. కాసేపాగి, “పక్క ఊరోళ్లు మా ఊర్లో పడిందనుకుంటాండారు,” అని తానే నవ్వాడు.

రాయదుర్గంలో బస్సు మారి, కండక్టరు “ఈడే దిగు, రొంత దూరమే” అన్నచోట దిగిపోయాను. ఆ రొంత దూరం మూడు కిలోమీటర్లకు తక్కువ లేదు. చెప్పు ఉంగటం తెగింది. చేతిలో పట్టుకుని నడుస్తుంటే ఒక మలుపు దగ్గర కాలువ, దాని పక్కన పచ్చటి వరి కనిపించాయి. పొద్దుట్నుంచి చూసిన నేలకూ దీనికీ పొత్తు కుదరక, ఇది మా కృష్ణా కాలువేనా అన్నట్టు నిలబడిపోయాను.

మారెక్క ఇల్లు కాలువకు ఈవల ఉంది. పైకప్పుకు బండలు పరిచిన ఇల్లు. వాకిట్లో రెండు బర్రెలు. యాభై దాటిన మనిషి, బిగించి కట్టిన కొప్పు, చేతుల నిండా పిడకల పేడ. తిప్పేస్వామి గారిల్లు ఇదేనా అని అడిగాను.

“ఆయప్ప ల్యాడు. నీకేం కావల్ల?”

“కంప్యూటర్ సంగతి...”

ఆమె చేతులు గభాలున వెనక్కి దాచుకుంది. తప్పు చేసి దొరికినట్టు చూసింది.

“మగ్గం ఫైలు సంగతేనా? ఇంగా ఎర్రగనే ఉండాదా?”

ప్యాకేజీ పాతబడిపోయిందని ఎవరైనా చెబితే, పేజీలో దాని పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఆ సంగతి మా వీధిలో ఆరుగురు మగ్గాల యజమానుల్లో ఒక్కరికీ తెలియదు.

మారెక్క పుస్తకం

లోపల పాత పట్టుచీర ముక్క కప్పి ఉంది కంప్యూటరు మీద. పక్కన అట్ట చిరిగిన పొడుగు నోటు పుస్తకం. ఆమె చేతులు రెండుసార్లు కడుక్కొచ్చి దాన్ని తెరిచింది. తిప్పేస్వామి చేతిరాత. మొదటి పేజీల్లో ప్యాకేజీ పత్రం మొత్తం పెద్ద అక్షరాల్లో దించి ఉంది. తర్వాత కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఏం చేయాలో తెలుగులో ఏడు మెట్లుగా రాసి ఉంది. తాను ఊళ్లో లేనప్పుడు ఆమె చేత చేయించడానికి రాశాడట.

“ఆయప్ప పోయిన పదైదు దినాలకు ఇది ఎర్రగయ్యింది,” అంది మారెక్క. “ఎర్రగుంటే ఆయప్పకు అన్నం దిగేది కాదు. ‘ఎవురో కాసుకుని ఉంటారు మారీ’ అనేవాడు. నేను పుస్తకం తీసుకుని కూచ్చున్యా. మొదటిసారి నాలుగు దినాలు పట్టింది.”

ఎలా చేస్తుందో చూపించమన్నాను. రెండే వేళ్లతో కొడుతుంది. ఫైలు కల్తీ కాలేదని సరిచూసే అంకె ఒకటి ఉంటుంది, అరవై నాలుగు అక్షరాల పొడవు. నాలాంటివాళ్లం దాన్ని కన్నెత్తి చూడం. ఆమె దాన్ని కాగితం మీద దించి, ఒక్కో అక్షరం కింద అగ్గిపుల్ల పెట్టి, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూస్తుంది. పదిహేడు వెర్షన్లూ అలాగే చేసింది. ఆమెకు ప్రోగ్రాం అంటే ఏమిటో తెలియదు. అది ఎంతమంది వాడతారో తెలియదు. ధర్మవరంలో ఆ స్నేహితుడొక్కడే వాడుతున్నాడనుకుంటోంది.

“మరి ఈసారి ఎందుకు ఆగిపోయింది?”

“ఐదో మెట్టు కాడ ఆగిపోతాండాది. కూర్చమంటే ఏందో ల్యాదంటాంది. పుస్తకంలో అది రాయలేదు ఆయప్ప. నెల దినాలు రోజూ కూచ్చున్యా. అప్పుడే ఇది వచ్చింది.”

ఆమె పేజీని కిందికి జరిపి ఒకచోట ఆపింది. నా మాట.

“ఈ పేజీ అంతా ఇంగ్లీషే. నాకు అచ్చరాలు తెలుసు గానీ మాట తెలీదు. ఆరేండ్లలో నేను సదవగలిగింది ఇదొక్కటే,” అంది. తెరవైపు చూడకుండా అప్పజెప్పింది, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. “‘చేతకాకపోతే వదిలేయండి. మీ ఒక్కరి బద్ధకం వల్ల మా మగ్గాలు ఆగిపోయాయి.’ ఆ దినం గుడ్డ కప్పేసినా. మల్ల తీయల్యా.”

అది నేనేనని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక, “మిగతావి చదివి చెప్పనా?” అన్నాను.

చదివాను. ఒకావిడ బ్రెజిల్ నుంచి: మీ వల్ల మా ఊళ్లో ఆడవాళ్లు నేత మళ్లీ మొదలుపెట్టారు, కృతజ్ఞతలు. ఇంకొకాయన పోలండ్ నుంచి: ఇంత శుభ్రంగా ఉంచే ప్యాకేజీ ఇంకోటి చూడలేదు. ఆరేళ్ల పొడుగునా అలాంటివే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇన్ని దేశాలా? నన్నా అనేది?” అంది. ఇంకోసారి చదవమంది.

రెండు వరసలు

అప్పుడు వచ్చిన పని చెప్పాను. ఎవరో ముందుకొచ్చారు, ఆదివారం లోగా మీరు సరేనంటే భారం దిగిపోతుందన్నాను. ఆమె పుస్తకం ఒళ్లోకి లాక్కుంది.

“ఇచ్చేస్తా. నాకు చాతకాలేదు కదా. కానీ ఆయప్ప రాసింది సరిగ్గా పెట్టినాడా లేదా చూసి ఇస్తా.”

అవసరం లేదు, నేను వాడుతున్నాను, బాగా పనిచేస్తోందన్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు. అగ్గిపుల్ల తీసింది. కొత్త మనిషి పత్రం తెర మీద, తిప్పేస్వామి పుస్తకం ఒళ్లో. ఒక్కో వరసా. నేను ఆమె పెట్టిన జొన్నరొట్టె, ఊరిమిండి అని వాళ్లనే బుడ్డల పచ్చడి తింటూ కూర్చున్నాను. రొట్టె పలచగా, పెళుసుగా ఉంది. మేం సంక్రాంతి అరిసె మీద పెట్టే శ్రద్ధ వీళ్లు రోజూ రొట్టె మీద పెడతారు. నేను రెండో రొట్టె సగంలో ఉండగా ఆమె పిలిచింది.

“మాది ముప్పై ఒక్క వరస. ఈయప్పది ముప్పై మూడు ఉండాది. ఈ రెండూ పుస్తకంలో ల్యావు.”

వంగి చూశాను. మొదటిది ఇంకో చిన్న ప్రోగ్రాం కూడా కావాలని చెప్పే వరస. ఐదో మెట్టులో అడ్డం పడుతున్నది అదే. రెండోది పత్రం అడుగున ఉంది. అంతా కూర్చడం అయిపోయాక, పేరు లేకుండా అంకెలు మాత్రమే ఉన్న ఏదో చిరునామా నుంచి ఇంకో ఫైలు తెచ్చుకుని, ఎవరినీ అడక్కుండా నడిపించమని. దానికి సరిచూసే అంకె లేదు.

“ఈ అడుగుదానికి అరవై నాలుగు అచ్చరాలు ల్యావు,” అంది మారెక్క. “అవి ల్యాకుండా ఏదీ తేకూడదని ఆయప్ప మూడో మెట్టులో రాసినాడు.”

ఫొటో తీసి అంజినప్ప సారుకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశారు.

“ఇది దొంగ వరస తల్లీ. మందులో విషం కలిపి ఇచ్చినాడు. నువ్వు దీన్ని నీ కంప్యూటర్లో పెట్టినావా?”

“పెట్టాను సార్. వారమైంది.”

“సదవకుండానే పెట్టినావా?”

చదవకుండానే పెట్టాను. పత్రం చదివాకే నడపండి అని భాండాగారం ప్రతి పేజీ మీదా రాసి ఉంటుంది. పదేళ్లుగా నేను దాన్ని దాటుకుని పోతూనే ఉన్నాను. బర్రెల పక్కన అరుగు మీద కూలబడి మా ఆయనకు ఫోన్ చేశాను. కంప్యూటర్ తీగ పీకేయమన్నాను.

“మగ్గం మీద పెళ్లిచీర నడుస్తోంది. ఇప్పుడాపితే...”

“పీకెయ్యి. బ్యాంకుకు ఫోన్ చెయ్యి. తర్వాత చెబుతాను.”

ఆయన పీకేశారు. అప్పటికే ఎవరో నా మెయిల్లోకి రెండుసార్లు దూరబోయారని ఆ సాయంత్రమే తెలిసింది. ఇంటికొచ్చాక కంప్యూటర్ మొత్తం తుడిచేయాల్సి వచ్చింది. మూడు వారాల డిజైన్లు పోయాయి. అంతటితో బయటపడ్డాం. ఆదివారం దాటి ఆ పత్రం ప్యాకేజీలోకి వచ్చి ఉంటే, బ్రెజిల్ ఆవిడ దగ్గర్నుంచి మా వీధి దాకా ఒక్క ఆజ్ఞతో అందరి ఇళ్లలోకీ దిగిపోయేది. దానికి దారివ్వమని రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

సారు చెబుతుంటే భాండాగారం పెద్దలకు నేను ఉత్తరం కొట్టాను. మారెక్క తన పేరుతో పంపింది. పొద్దు వాలకముందే జవాబొచ్చింది: ఆ మనిషి అర్జీ కొట్టేశాం, అతన్ని వెలివేశాం, పట్టుకున్నందుకు ధన్యవాదాలు. ఆమెకు తెలుగులో చెప్పాను. చెప్పి, ఇక దాచుకోలేక, “అక్కా, ఆ తెలుగు మాట రాసింది నేనే,” అన్నాను.

ఆమె నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. కొట్టినా బాగుండేది.

“నువ్వా?” అంది. “నా ఇంట్లో కూచ్చోని, నా రొట్టె తిని, ఇంతసేపూ చెప్పల్యా నువ్వు?”

లేచి బర్రెల దగ్గరికి వెళ్లిపోయింది. రాత్రికి చాప వేసింది, కంచం పెట్టింది, మాట మాత్రం లేదు.

శనివారం పొద్దున

పాలు పోసి వచ్చాక మారెక్క నా ముందు కూర్చుంది.

“చాతకాలేదని రాసినావు. అది నిజమే, నాకు చాతకాలేదు. బద్ధకం అన్నావు చూడు. ఆ మాట తీసెయ్యి.”

ఫోన్ తీసి ఆ వ్యాఖ్య మొత్తం తీసేశాను. తీసేశాక ఆమె తెర మీద వెతికి, లేదని రూఢి చేసుకుంది. అప్పుడు కాఫీ ఇచ్చింది.

తర్వాత ఇద్దరం కూర్చున్నాం. దొంగ పత్రంలోని మంచి వరసను సారు ఫోన్లో సరిచూసి, దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పారు. మారెక్క కొట్టింది. ఐదో మెట్టు దాటింది. తెర మీద వరసలు గబగబా పైకి పోతుంటే ఆమె కుర్చీ అంచుకు వచ్చేసింది. అరవై నాలుగు అక్షరాలు ముందు నుంచి ఆమె చూసింది, వెనక నుంచి నా చేత చూపించింది. పంపాక పేజీలో ఎర్ర గుర్తు పోయింది. కానీ ఆమెకు తృప్తి లేదు.

“ఈసారి సారు చెప్పినాడు. మల్ల ఇట్లయితే నాకెట్ల తెలుస్తాది?”

కూర్పు ఆగిపోయినప్పుడు చివర్న ఏ పేరు దొరకలేదని చెబుతుందో చూడాలని వివరించాను. ఆమె పుస్తకంలో ఏడో మెట్టు కింద, తిప్పేస్వామి రాత ఆగిపోయినచోట, పెన్సిలుతో వంకర అక్షరాల్లో రాసుకుంది: ‘8. ఆగిపోతే ఆకరు వరస సూడాల. ఏ పేరు ల్యాదంటాదో అది కావల్సినవాటిలో సేర్సాల. తెలీనోళ్లు ఇచ్చింది సదవకుండా పెట్టరాదు.’

చివరి వాక్యం రాస్తూ నావైపు ఒకసారి చూసింది.

ధర్మవరం

ఆదివారం సాయంత్రం నా రైలు ధర్మవరంలో. బయల్దేరుతుంటే మారెక్కను కూడా రమ్మన్నాను. ఆరేళ్లుగా ఆమె ఆ ఫైలు పంపుతోంది కానీ, అది నడిపే మగ్గాన్ని ఒక్కసారీ చూడలేదట. బర్రెల్ని ఎవరు చూస్తారని వంక పెట్టింది. పక్కింటామె చూస్తానంది. పెట్టెలోంచి ఇస్త్రీ చీర తీసి కట్టుకుంది.

తిప్పేస్వామి స్నేహితుడు నారాయణప్ప ఇల్లు సందు చివర. ధర్మవరం సందుల్లో నడుస్తుంటే మా వీధిలో నడిచినట్టే ఉంది, అదే టకటక. అయితే మా మగ్గాల గుంటలు ఇంత లోతుండవు. ఇక్కడ నేతగాడు నడుము దాకా నేలలో ఉన్నట్టు కనిపిస్తాడు. నారాయణప్పకు యాభై ఉంటాయి. మారెక్కను గుమ్మంలో చూసి గుంటలోంచి పైకి వచ్చాడు.

“మారెక్కా! యాన్నో పోయినావనుకున్యా. అన్న పోయినాక ఆ ఫైలు ఎవురు పంపుతాండారో తెలీకనే నడుపుకుంటాండా నేను.”

“నేనేనప్పా,” అంది ఆమె.

ఆయన నన్ను చూశాడు. నేను తలూపాను. ఆయనకు నమ్మడానికి కొంతసేపు పట్టింది. నేను చిన్నప్పటి నుంచీ మగ్గాల మధ్య పెరిగినదాన్ని, మొదటిసారి మగ్గం చూసే మనిషిని చూడటం నాకూ అదే మొదలు. నారాయణప్ప మళ్లీ గుంటలోకి దిగి అడ్డపోగు మోసే నాడె లాగాడు. పైన పెట్టె టక్కుమంది. వందల దారాలు వాటంతటవే విడిపోయి, కొన్ని లేచి, కొన్ని అణిగాయి. ఇంకోసారి టక్కుమంది, ఈసారి వేరే దారాలు లేచాయి. జరీ అంచులో సగం నేసిన హంస మెడ ఒక్కో పోగూ పెరుగుతోంది.

మారెక్క గోడ పట్టుకుంది. “దేవుడా! ఏ దారం లేవల్లో దానికి ఎవురు చెప్తాండారు?”

“నువ్వే,” అన్నాడు నారాయణప్ప. “నువ్వు పంపిందే చెప్తాంది.”

ఆమె నేల మీద చతికిలబడి మెడ ఎత్తి పెట్టెను చూస్తూ ఉండిపోయింది. హంసకు ముక్కు వచ్చేదాకా కదల్లేదు. నారాయణప్ప భార్య ఓళిగలు తెచ్చింది. మా బొబ్బట్లే, కాకపోతే ఇక్కడ పాలు పోసుకుని తింటారు. మారెక్క గిన్నె అందుకుంది కానీ కళ్లు తిప్పలేదు.

“అది ఆగిపోతే ఏమి చేస్తారప్పా?”

“ఏం చేస్తాం? మల్ల అట్టలు గుద్దుకోవాల. ఒగ కొంగుకు రెండు నెల్లు. తొమ్మిది నెల్లుగా పాత డిజైన్లే తిప్పి తిప్పి నేస్తాండా. కొత్తవి ఎక్కడంల్యా.”

మారెక్క గిన్నె కింద పెట్టి లేచింది. నా రైలుకు ఇంకా మూడు గంటలుంది, కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“మనం ఇల్లు వదిలి పొద్దున్నుంచి ఈడ ఉండాం. ఈలోగా ఇంకో కొత్తది వచ్చుంటాదేమో, ఎవురు చూసినారు?” అంది.

చెప్పులేసుకుని, నా భుజం మీద ఒక చరుపు చరిచి, సందు మలుపు తిరిగి కల్యాణదుర్గం బస్సు కోసం వెళ్లిపోయింది.